పదకొండు నెలల లెక్క

పోయిన వేసవి సెలవుల్లో పేరాలలో మా అక్క ఇంటికి వెళ్లాను. అక్క కూతురు ఇంటర్మీడియట్ చదువుతోంది. నేను వెళ్లేసరికి వరండాలో కూర్చుని ఒక ఇంగ్లిషు నవల చివరి పేజీల్లో ఉంది. సుజాన్ కాలిన్స్ రాసిన ‘హంగర్ గేమ్స్’ వరసలో మూడోది, 2010లో వచ్చిన ‘మాకింగ్‌జే’. పుస్తకం మూసేశాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. రాత్రి అన్నాల దగ్గర అడిగింది: “గెలిచారు కదా పిన్నీ! మరి నాకేంటి, చావింటికి వెళ్లొచ్చినట్టుంది?”

ఆ నవలలు చదవనివాళ్ల కోసం నాలుగు మాటలు. రాబోయే కాలంలో ఎప్పుడో, ఉత్తర అమెరికా శిథిలాల మీద లేచిన పానెమ్ అనే దేశం కథ అది. ఒక రాజధాని, దాని కింద అణిగి ఉన్న జిల్లాలు. ఒకప్పుడు తిరగబడినందుకు శిక్షగా ప్రతి జిల్లా ఏటా ఒక అమ్మాయినీ ఒక అబ్బాయినీ చీటీ తీసి పంపాలి. వాళ్లు ఒకరినొకరు చంపుకుంటుంటే దేశమంతా చూడాలి. బొగ్గుగనుల జిల్లాలో పదహారేళ్ల కాట్నిస్, చీటీలో చెల్లెలు ప్రిమ్ పేరు వస్తే, దాని బదులు నేను వెళ్తానంటుంది. అక్కడ మొదలైన కథ మూడో పుస్తకానికి తిరుగుబాటవుతుంది. కాట్నిస్ దానికి గుర్తు అవుతుంది. ఆమె పుట్టిన జిల్లా బాంబులకు బూడిదవుతుంది. మిగిలినవాళ్లు వేరే జిల్లాలో నేలమాళిగల్లో తలదాచుకుంటారు. రాజధాని మీదికి వెళ్లినప్పుడు ఆమె పైనుంచి లేని ఆజ్ఞను ఉన్నట్టు చెప్పి తన దళాన్ని నడిపిస్తుంది. ఆ దారిలో ఒక్కొక్కరే పోతారు. చివరికి ఏ చెల్లెలి కోసం బయల్దేరిందో ఆ చెల్లెలే బాంబులకు బలవుతుంది. ఆ బాంబులు వేసింది తమ పక్షమేనన్న అనుమానం ఆమెను వదలదు. యుద్ధం ముగిశాక కాట్నిస్ బాణం తగిలింది ఓడిన నియంతకు కాదు, గెలిచిన నాయకురాలికి.

చిన్నపిల్లల పుస్తకాలని మనం పక్కన పెట్టేసే వాటిలో ఇంత చేదు నిజం ఉంటుందని నేననుకోలేదు. పోరాటం న్యాయమైనదే కావచ్చు, నాయకత్వం నిజాయితీగలదే కావచ్చు. అయినా దాని ఖరీదు ఎవరు కట్టారు, ఆ ఖరీదు ఎవరు లెక్కపెట్టారు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. మా అమ్మాయి అడిగింది అదే. ఆ ప్రశ్న అడిగిన చోటు పేరాల కావడం వల్ల నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక ఊరికి ఊరే ఇళ్లు ఖాళీ చేసి పదకొండు నెలలు పాకల్లో బతికిన నేల అది. మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో ఆ పదకొండు నెలలకు దక్కింది నాలుగు వాక్యాలు. ఆ నాలుగింటిలో ఒక్క ఆడమనిషి లేదు.

చరిత్ర తెలిసినవాళ్లకు ఇది పాత కథే. చీరాల, పేరాల అప్పుడు గుంటూరు జిల్లాలోవి. 1970లో ఒంగోలు జిల్లాలోకి (తర్వాత దాన్నే ప్రకాశం అన్నారు), 2022లో బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ రెండు ఊళ్లనూ కలిపి పురపాలక సంఘంగా మార్చాలని నిర్ణయించింది. అంతవరకూ ఏడాదికి సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్ను ఎన్నో రెట్లు పెరిగింది. నేతగాళ్లు, చిన్న రైతులు, చిల్లర వ్యాపారులు ఉండే ఊళ్లవి. మొరపెట్టుకున్నారు, అర్జీలు పెట్టారు. అప్పటి జస్టిస్ పార్టీ ప్రభుత్వంలో స్థానిక స్వపరిపాలన శాఖ మంత్రి పానగల్ రాజా. ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. సంఘంలో సభ్యులు రాజీనామా చేశారు. జనం పన్ను కట్టమన్నారు. 1921 ఆరంభంలో పన్ను కట్టనందుకు పన్నెండుమందికి శిక్షలు పడ్డాయి.

ఈ పోరాటాన్ని నడిపింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో పుట్టాడు, ఎడింబరోలో చదివి వచ్చాడు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి ‘అభినయ దర్పణం’ ఇంగ్లిషులోకి తెచ్చాడు. 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం దాన్ని ప్రచురించింది. పాట, పద్యం, హాస్యం, వాదన అన్నీ ఆయన నోట్లో ఉండేవి. ‘రామదండు’ పేరుతో స్వచ్ఛంద సేవకుల దళాన్ని కూర్చాడు. వాళ్లకొక వేషం, మెడలో రుద్రాక్షలు. జనం ఆయన్ను ‘ఆంధ్రరత్న’ అన్నారు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. ఆ వెంటనే గాంధీ చీరాల వచ్చాడు. ఆయన రెండు దారులు చెప్పాడు. ఒకటి, అహింసగా పన్ను నిరాకరించి ఎన్ని బాధలైనా పడటం. రెండోది, పురపాలక హద్దులు దాటి ఊరు వదిలి వెళ్లిపోవడం. అంతకు ముందటి ఏడే ఖిలాఫత్ రోజుల్లో వేలమంది ముస్లింలు హిజ్రత్ పేరుతో అఫ్ఘనిస్థాన్ బాట పట్టారు. వాళ్లలో చాలామంది ఉన్నది పోగొట్టుకుని తిరిగొచ్చారు. ఊరు విడవడమన్న ఆయుధానికున్న పదును, దానికయ్యే ఖర్చు రెండూ అప్పటికే దేశం చూసింది. నిర్ణయం, బాధ్యత ఊరివాళ్లవేనని గాంధీ అన్నాడు.

ఊరు రెండో దారి పట్టింది. సుమారు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా ఇళ్లకు తాళాలు వేసి హద్దు దాటారు. పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగర్ అని పేరు. పదకొండు నెలలు ఉన్నారు. మధ్యలో గోపాలకృష్ణయ్య చందాల కోసం ఊళ్లు తిరిగాడు. బరంపురంలో మాట్లాడకూడదన్న ఉత్తర్వును ధిక్కరించి అరెస్టయ్యాడు. ఏడాది శిక్ష, తిరుచిరాపల్లి జైలు. ఆయన లేకపోయేసరికి డబ్బూ ఆగింది, ధైర్యమూ సడలింది. 1922 తొలి నెలల్లో జనం ఇళ్లకు తిరిగి వెళ్లారు.

కథ ఇంతే. పరాజయమని కొందరు, నైతిక విజయమని కొందరు రాశారు. ఈ రెండు మాటలూ నాయకుడి వైపు నుంచి, ప్రభుత్వం వైపు నుంచి చూసి చెప్పినవే. పాక లోపలినుంచి చూసి చెప్పిన మాట నాకు ఎక్కడా దొరకలేదు.

నేను చరిత్రకారిణిని కాను, సాహిత్యం చదువుకున్నదాన్ని. కానీ ఒక విషయం మాత్రం పుస్తకాల్లో చదవకుండానే తెలుసు. మా అమ్మమ్మ ఇంట్లో గుంట మగ్గం ఉండేది. నేలలో గుంట తీసి, అందులో కాళ్లు దించి, కాలిపలకలు తొక్కుతూ నేసే మగ్గం. ఒకసారి అద్దె ఇల్లు మారి పక్క వీధికి వెళ్లాం. సామాను ఒక్క పూటలో చేరింది. మగ్గం మాత్రం చాలా రోజులు ఆగింది. కొయ్యలు మోసుకెళ్లొచ్చు, గుంటను మోసుకెళ్లలేం. కొత్త ఇంట్లో నేల తవ్వాలి, అంచులు మెత్తాలి, ఆరనివ్వాలి, కొయ్యలు సమంగా నిలపాలి. మధ్యలో కోసిన పడుగును మళ్లీ పోగు పోగుకూ కలుపుతూ అచ్చు అతకాలి. అన్ని రోజులూ మజూరీ లేదు. షావుకారు బాకీ మాత్రం ఆగలేదు. గుంట దగ్గర కూర్చుని నేసేది తాతయ్యే. కండెలు చుట్టేది, అచ్చు అతికేది, గంజి కాచేది అమ్మమ్మ, పిన్నమ్మలు. బట్ట తాతయ్య నేసినట్టే లెక్క.

ఒక వీధి నుంచి ఇంకో వీధికే ఇంత. అదే చీరాల, పేరాల నేతపేటలన్నీ ఒకేసారి కదిలితే? చీరాల అప్పటికే నేతకు పేరున్న ఊరు. నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాళ్ల పుట్టిల్లు అదే. రేకుపెట్టెతో వెళ్లిపోగల వ్యాపారి ఇల్లు విడవడమూ, గుంట విడిచిపెట్టి నేతగాడు ఇల్లు విడవడమూ ఒకటి కావు. పాకలో గుంట తవ్వితే మొదటి పెద్ద వానకే అందులో నీళ్లూరతాయి. సముద్రం దగ్గరి ఇసకనేల అది. పడుగుకు గంజి పట్టించి బారుగా చాపి ఆరబెట్టడానికి వీధి పొడవునా జాగా కావాలి. నేత ఆగితే ముందు తగ్గేది కంచంలో అన్నం. ఎవరి కంచంలో ముందు తగ్గుతుందో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఇంకొక లెక్క కూడా ఉంది. పదకొండు నెలలంటే ఒక గర్భం నిండే కాలం కన్నా ఎక్కువ. ఊరు కదిలిన నాడు కడుపుతో ఉన్న ఆడవాళ్లు నెలలు నిండేసరికి పాకల్లోనే ఉన్నారు. పదమూడు వేలమందిలో అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారో ఊహించుకోవచ్చు. ఎండాకాలంలో వెళ్లి, వానలు దాటి, చలి దాటి తిరిగొచ్చారు. నీళ్లు ఎక్కడినుంచి మోశారు? తెల్లవారకముందు చాటు ఎక్కడ దొరికింది? బయట చేరిన రోజుల్లో ఎక్కడ కూర్చున్నారు? బాలింతకు పథ్యం ఎక్కడ వండారు? చందాల పద్దులో ఇవి రాయరు. పోరాటానికి అయిన ఖర్చు అంటే పాకలకు వేసిన తాటాకు ఖర్చు. ఆ తాటాకు కింద రోజూ జరిగిన చాకిరీకి పద్దు లేదు, ఎందుకంటే ఇంట్లో ఉన్నప్పుడూ దానికి పద్దు లేదు.

అలాగని ఆ ఆడవాళ్లందరినీ మోతబరువు మోసిన మూగజీవులుగా చూపించడం నా ఉద్దేశం కాదు. అది ఇంకో అన్యాయం. శిక్షపడిన ఆ పన్నెండుమందిలో ఒక స్త్రీ ఉంది. ఆమె పేరు రావూరి అలమేలమ్మ. పన్ను కట్టనంది, జైలుకు వెళ్లింది. సహాయ నిరాకరణ కాలంలో జైలుకు వెళ్లిన ఆంధ్ర మహిళ అనగానే మనకు 1922లో శిక్షపడిన దువ్వూరి సుబ్బమ్మ గారు గుర్తుకొస్తారు. ఆమె ఉపన్యాసాల ధాటి అలాంటిది. అలమేలమ్మ అంతకు ముందే వెళ్లింది. ఉపన్యాసం ఇచ్చి కాదు, రసీదు అక్కర్లేదని చెప్పి.

ఆమె గురించి నేను చాలా ఆలోచించాను. పన్ను కట్టనందుకు ఆమెకు శిక్ష పడిందంటే పన్ను ఆమె పేరున పడి ఉండాలి. అంటే ఇల్లో వాకిలో ఆమె పేరున ఉండాలి. 1921లో అలాంటి ఆడవాళ్లు ఎందరు? ఇంకో సంగతి చూడండి. ఏ మంత్రివర్గం ఆ పన్ను మీద పట్టుపట్టిందో అది 1920 నవంబరు ఎన్నికల నుంచి వచ్చింది. ఆ ఎన్నికల్లో స్త్రీలకు ఓటు లేదు. ఆ అనర్హత తొలగించాలని మద్రాసు శాసనమండలి తీర్మానించింది 1921లో. ఓటు అడగని ప్రభుత్వం పన్ను మాత్రం అడిగింది. అలమేలమ్మ ఈ తర్కమంతా ఆలోచించిందో లేదో చెప్పలేం. చేసిన పని మాత్రం దానికి సరిపోయే జవాబు.

ఆమెను రామదండులో లెక్కించలేదు, ఊరేగింపు ముందు నిలబెట్టలేదు. కాట్నిస్‌కు జరిగింది సరిగ్గా దీనికి తిరగవేసినట్టుంటుంది. తిరుగుబాటు పెద్దలు ఆమెకు వేషం వేసి, కెమెరా ముందు నిలబెట్టి, మాటలు అందిస్తారు. నిర్ణయాల గదిలోకి మాత్రం ఆమె తోసుకుని వెళ్లాల్సిందే. ఒకరిది ముఖం తప్ప మాట లేని నాయకత్వం, ఇంకొకరిది ముఖమే మిగలని ధైర్యం. ఉద్యమాలు ఆడవాళ్లకిచ్చే చోట్లు చాలాసార్లు ఈ రెండే.

గోపాలకృష్ణయ్య మీద తీర్పు చెప్పడం సులువు. నేను చెప్పను. ఆయన తన సుఖం దాచుకుని ఊరిని పంపినవాడు కాదు. జైలుకెళ్లాడు, బీదరికంలో బతికాడు, 1928లో క్షయతో ముప్ఫై తొమ్మిదేళ్లకే పోయాడు. ఆయన భార్య మోసిన బరువు కూడా ఆ పాకల లెక్కలోదే. కానీ ఒక మాట అనకుండా ఉండలేను. ‘అభినయ దర్పణం’ తెలిసిన మనిషికి ముద్ర శక్తి తెలుసు. ఊరు ఖాళీ చేయడం ఒక మహాముద్ర. ఒక్క కదలికతో సామ్రాజ్యానికి చెప్పాల్సింది చెప్పింది. అయితే ముద్ర పట్టినవాళ్ల చెయ్యి ఎంతసేపటికి లాగుతుందో ‘దర్పణం’ చెప్పదు. పదకొండు నెలలు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచమన్నప్పుడు, దించే సమయం ఎవరు నిర్ణయించాలి? దాన్ని ఎత్తి ఉంచినవాళ్లే కదా. ఆ నిర్ణయం ఒక్క మనిషి చేతిలో ఉంది. ఆ మనిషి బరంపురంలో అరెస్టయ్యాడు. అంతమంది ఊరు విడవగలిగారు కానీ, ఆయన లేకుండా నిలవగల ఏర్పాటు చేసుకోలేకపోయారు. లోపం ఆయన గుణంలో లేదు. ఒక్క నాయకుడి కంఠం మీద ఊరంతా వేలాడే పద్ధతిలో ఉంది.

పేర్లు కూడా చూడండి. రామదండు, రామనగర్. జనం ఈ వలసను వనవాసంతో పోల్చుకోవడం సహజమే. కానీ వనవాసంలో మాట ఇచ్చింది ఒకరు, నిలబెట్టుకున్నది ఒకరు, వెంట నడిచింది ఒకరు. రామకథలో అడవికి వెళ్లిన స్త్రీ చివరికి ఎక్కడ తేలిందో మనకు తెలుసు. పురపాలక సంఘం వద్దన్నది ఊరిమాట. సంఘం వస్తే వీధి దీపాలు, పారిశుద్ధ్యం వస్తాయేమో, వాటికి తగినంత పన్ను ఎంతయితే న్యాయం అని నీళ్లు మోసే ఆడవాళ్లను ఎవరైనా అడిగారా? అడిగినా వాళ్లూ వద్దనే అనేవారేమో. అలమేలమ్మ అంది కదా. అయినా అడగడం వేరు, వెంట నడవమనడం వేరు.

ఇక్కడ నాకు ‘మనకు తెలియని మన చరిత్ర’ గుర్తుకొస్తుంది. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, వాళ్ల జీవితాలు వాళ్ల మాటల్లోనే విని, 1986లో తెచ్చిన పుస్తకం. అప్పటికి ఆ పోరాటం ముగిసి 35 ఏళ్లు. ఆ స్త్రీలు కష్టాలే చెప్పలేదు. స్వేచ్ఛ రుచి చూసిన రోజుల్నీ, పోరాటం అయ్యాక మళ్లీ వంటింట్లోకి వెళ్లమన్నప్పుడు కలిగిన నొప్పినీ చెప్పారు. రామనగర్ ఆడవాళ్లను అడిగి ఉంటే బహుశా ఇలాంటి ఆశ్చర్యాలే ఎదురయ్యేవి. గోడల్లేని చోట పదకొండు నెలలు బతకడం కొందరికి నరకమై ఉండొచ్చు, కొందరికి మొదటిసారి ఆరుబయట గాలి అయి ఉండొచ్చు. కులాల పేటల మధ్య దూరం పాకల్లో కాస్తయినా తగ్గిందా, అక్కడా గీతలు గీసుకున్నారా? ఆ సంగతి చెప్పగలిగింది నీళ్ల దగ్గర నిలబడినవాళ్లే.

1921లో పదిహేనేళ్ల పిల్ల 1986లో ఎనభై ఏళ్ల ముసలమ్మ. చీరాల అరుగుల మీద, పేరాల వాకిళ్లలో అలాంటి ముసలమ్మలు అప్పటికి కొందరైనా ఉండి ఉంటారు. ఎవరూ వెళ్లి అడగలేదు. స్వాతంత్ర్య సమరయోధుల పింఛను కోసం ధ్రువపత్రాలు రాసినవాళ్లు జైలుకెళ్లారా అని అడిగారు, పాకలో కన్నావా అని అడగలేదు. అడగడానికి ఇప్పుడెవరూ మిగల్లేదు. సాహిత్యం చదివే మాలాంటివాళ్లం పద్యాల్లో, నవలల్లో స్త్రీ పాత్రల్ని వెతికినంత శ్రద్ధగా పక్కింటి ముసలమ్మను వెతకలేదు. ఈ తప్పులో నాకూ వాటా ఉంది. మా అమ్మమ్మ కండెలు చుట్టేటప్పుడు పక్కనే కూర్చుని పరీక్షలకు చదువుకున్నాను. ఆమె వాళ్లమ్మ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు.

‘మాకింగ్‌జే’ చివర్లో ఒక చిన్న సంగతి ఉంది. అన్నీ అయిపోయాక, బూడిదైన తన జిల్లాకు తిరిగొచ్చిన కాట్నిస్ బతికి ఉన్న ఇద్దరితో కలిసి ఒక పుస్తకం రాస్తుంది. చనిపోయినవాళ్ల వీరగాథలు కావవి. వాళ్ల గురించి మరిచిపోతే నేరమనిపించే చిన్నచిన్న విషయాలు, నాన్న నవ్వు లాంటివి. గెలుపు ఆమెకు చెల్లెలిని తెచ్చివ్వలేదు. ఆ పుస్తకం మాత్రం, పోయినవాళ్లను ‘నష్టం’ అనే అంకెలోంచి బయటికి తెచ్చింది.

తెల్లారి మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. రామనగర్ గురించి, అలమేలమ్మ గురించి, గుంట మగ్గం గురించి. అది కాసేపు ఊరుకుని, వాళ్ల నాయనమ్మ దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్లు. పెళ్లయి పేరాల వచ్చినప్పటినుంచి కండెలు చుడుతూనే ఉంది. “నాయనమ్మా, మీ అత్తగారు రామనగర్ గురించి ఎప్పుడైనా ఏమైనా చెప్పిందా?” అని అడిగింది.

ఆవిడ రాట్నం ఆపి, చాలాసేపు పిల్ల ముఖంలోకి చూసింది. “ఇదేంటే, ఇన్నాళ్లకు అడుగుతున్నావ్,” అంది.

మా అమ్మాయి నోటుబుక్కు తెచ్చుకోవడానికి లేచింది.